నింగి నుంచి నేలకు.. ఆఖరి గంటే అసలు పరీక్ష!

* వ్యోమనౌక తిరుగు ప్రయాణంలో ఏ దశలో ఏం జరుగుతుంది?
* ఇంటి నుంచి వీక్షించేవారు తెలుసుకోవాల్సిన సంగతులు

హైటెక్‌ సిటీ: అది 2025 మార్చి 19, బుధవారం. సమయం తెల్లవారుజామున 3.27 గంటలు. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టల్లహసీ తీరానికి ఆవల సముద్రంలో డ్రాగన్‌ వ్యోమనౌక దిగింది. ఎనిమిది రోజుల పనికని వెళ్లి 286 రోజులు అంతరిక్షంలో గడపాల్సి వచ్చిన సునీతా విలియమ్స్‌, బుచ్‌ విల్మోర్‌ అందులో క్షేమంగా తిరిగి వచ్చారు. హైదరాబాద్‌ నగరంలో అధిక భాగం గాఢనిద్రలో ఉండే వేళ అది. అమెరికా పనివేళలను అనుసరించి నడిచే మాదాపూర్‌, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కార్యాలయాలకు మాత్రం అది పనివేళే.

అదే ఏడాది జులై 15, మంగళవారం మధ్యాహ్నం 3.01 గంటలకు మరో డ్రాగన్‌ నౌక కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో తీరానికి చేరువలో పసిఫిక్‌ సముద్రంలో దిగింది. యాక్సియం-4 యాత్ర ముగించుకొని భారత వ్యోమగామి శుభాంశు శుక్లా అందులో వచ్చారు. ఈ రెండు సందర్భాల్లోనూ కంప్యూటర్‌ తెరపై, చేతిలోని సెల్‌ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం అందుబాటులో ఉంది. అయితే తెరపై కనిపించే దృశ్యం చూసేవారిని తరచూ అయోమయంలో పడేస్తుంది. కొంతసేపు కంట్రోలు రూము, మరికొంతసేపు చీకటి, మధ్యలో కొన్ని నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. ఆ సమయంలో నౌకలో ఏం జరుగుతోంది? ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుంది? ఆకాశంలో దాన్ని నేరుగా మన కంటితో చూడగలమా?

బయలుదేరింది మొదలు..

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కి.మీ. ఎత్తున తిరుగుతుంటుంది. దాని వేగం గంటకు సుమారు 28 వేల కి.మీ. అంటే, 158 కి.మీ. పొడవున్న మన అవుటర్‌ రింగ్‌ రోడ్డును 20 సెకన్లలో చుట్టి రాగల వేగమన్నమాట. కేంద్రం నుంచి విడివడిన వ్యోమనౌకకూ అదే వేగం ఉంటుంది. విడివడినంత మాత్రాన అది కింద పడిపోదు. వేగం తగ్గించుకుంటేనే దిగుతుంది.

సునీత వచ్చిన నౌక మార్చి 18 ఉదయం 10.35 గంటలకు కేంద్రాన్ని వీడింది. దిగడానికి దాదాపు 17 గంటలు పట్టింది. శుక్లా వచ్చిన నౌక జులై 14 సాయంత్రం 4.45 గంటలకు విడివడి, 22 గంటల తర్వాత సముద్రాన్ని తాకింది. దూరం 400 కి.మీ. మాత్రమే అయినప్పుడు ఇంత ఆలస్యమెందుకన్నది చాలామందికి కలిగే సందేహం. కక్ష్యలో తిరిగే నౌక దారి, దిగాల్సిన చోటు రెండూ ఒక వరుసలోకి రావాలి. అక్కడ గాలి, అలలు అనుకూలంగా ఉండాలి. అందువల్ల నౌక భూమిని పలుమార్లు చుట్టి, తగిన క్షణం కోసం వేచి ఉంటుంది. ప్రసారం చూసేవారు ఈ భాగాన్ని వదిలేసినా నష్టం లేదు. అసలు ఘట్టం చివరి గంటలోనే ఉంటుంది.

ఆ గంట ఇంజిన్ల మంటతో మొదలవుతుంది. నౌక వెనుక భాగంలో సరుకు, సౌరఫలకాలు ఉండే పెట్టెలాంటి భాగాన్ని డ్రాగన్‌లో ట్రంక్‌ అంటారు. మనుషులుండే గుళిక మాత్రమే భూమికి చేరుతుంది. గుళిక తన ప్రయాణ దిశకు ఎదురుగా ఇంజిన్లు మండించి వేగాన్ని కొద్దిగా తగ్గించుకుంటుంది. తగ్గేది గంటకు కొన్ని వందల కి.మీ. మాత్రమే. నౌక మార్గం వంగి వాతావరణంలోకి చొచ్చుకు రావడానికి అంత చాలు. సునీత యాత్రలో ఇంజిన్లు మండింది తెల్లవారుజామున 2.41 గంటలకు. శుక్లా యాత్రలో మధ్యాహ్నం 2.07 గంటలకు. ఒకసారి ఈ పని పూర్తయ్యాక వెనుదిరిగే అవకాశం ఉండదు.

మంటల్లో నిశ్శబ్దం

సుమారు 100 కి.మీ. ఎత్తుకు వచ్చేసరికి గాలి ప్రభావం మొదలవుతుంది. గాలి రాపిడి వల్లే నౌక వేడెక్కుతుందని సాధారణంగా అనుకుంటారు. వేడిలో అధిక భాగానికి కారణం రాపిడి కాదు, ఒత్తిడి. అంత వేగంతో వచ్చే నౌక ముందున్న గాలికి పక్కకు తప్పుకొనే వ్యవధి ఉండదు. అది అక్కడికక్కడే నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వెచ్చబడటం అందరికీ అనుభవమే. సూత్రం అలాంటిదే, తీవ్రతలోనే తేడా. గుళిక వెలుపల ఉష్ణోగ్రత 1,600 నుంచి 1,900 డిగ్రీల సెల్సియస్‌ వరకు చేరుతుంది.

ఈ వేడి పరిమాణాన్ని కరెంటు లెక్కలో చెప్పుకోవచ్చు. కక్ష్యా వేగంతో కదిలే ప్రతి కిలో బరువులోనూ దాదాపు ఎనిమిదిన్నర యూనిట్ల విద్యుత్తుకు సమానమైన శక్తి ఉంటుంది. 550 కిలోల గుళికయితే 4,600 యూనిట్ల పైమాటే. నెలకు 200 యూనిట్లు వాడే కుటుంబానికి అది దాదాపు రెండేళ్ల కరెంటు. అంత శక్తినీ కొన్ని నిమిషాల్లో గాలికి వదిలించుకోవాలి. లోపలి మనుషులకు సెగ తగలకూడదు.

అందుకే గుళిక అడుగుభాగాన్ని మొనదేలినట్లు కాకుండా మొద్దుగా, వెడల్పుగా తయారుచేస్తారు. మొద్దు ఆకారం తన ముందు బలమైన గాలి తరంగాన్ని ఏర్పరచి, వేడిలో అధిక భాగాన్ని పక్కలకు మళ్లిస్తుందని అమెరికా శాస్త్రవేత్త జూలియన్‌ అలెన్‌ 1950ల తొలినాళ్లలో కనుగొన్నారు. మిగిలిన వేడిని ఉష్ణకవచం భరిస్తుంది. దాని పైపొర మెల్లగా మాడి రాలిపోతూ వేడిని తనతో తీసుకుపోతుంది.

ఈ దశలోనే గుళిక చుట్టూ గాలి విద్యుదావేశం పొంది ప్లాస్మాగా మారుతుంది. రేడియో సంకేతాలు దాన్ని దాటలేవు. ఆరేడు నిమిషాల పాటు నౌకకూ భూమికీ మధ్య సంబంధాలు తెగిపోతాయి. ప్రసారంలో వినిపించే నిశ్శబ్దం ఇదే. ఇది సహజమేనని తెలియనివారు ఆందోళన చెందుతుంటారు. తెలిసినవారూ ఊపిరి బిగబట్టే చూస్తారు. అందుకు కారణముంది.

2003 ఫిబ్రవరి 1.. మరువలేని శనివారం

హైటెక్‌ సిటీలో సైబర్‌ టవర్స్‌ ప్రారంభమై అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆ శనివారం రాత్రి మన కాలమానం ప్రకారం 7.46 గంటలకు కొలంబియా స్పేస్‌ షటిల్‌ ఫ్లోరిడాలో దిగాల్సి ఉంది. హరియాణాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా సహా ఏడుగురు అందులో ఉన్నారు. 7.30 గంటల ప్రాంతంలో సంబంధాలు తెగిపోయాయి. తిరిగి రాలేదు. టెక్సాస్‌ మీదుగా 60 కి.మీ.కు పైగా ఎత్తున షటిల్‌ ముక్కలైంది. ఏడుగురూ ప్రాణాలు కోల్పోయారు.

లోపం చివరి క్షణంలో పుట్టింది కాదు. జనవరి 16న ప్రయోగించిన 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచును తాకింది. దాని బరువు కిలో కూడా ఉండదు. అక్కడ పడిన రంధ్రంతోనే షటిల్‌ 16 రోజులు కక్ష్యలో తిరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఆ రంధ్రం గుండా వేడి గాలి రెక్కలోకి చొరబడింది. ప్రయోగం సాఫీగా ముగిసిందని చప్పట్లు కొట్టినంత మాత్రాన యాత్ర పూర్తికాదని ప్రపంచానికి తెలియజెప్పిన ఘటన అది. ఆ తర్వాత నాలుగు రోజులకు నాటి ప్రధాని వాజ్‌పేయీ, 2002లో శ్రీహరికోట నుంచి ప్రయోగించిన మెట్‌శాట్‌ ఉపగ్రహానికి కల్పన పేరు పెడుతున్నట్లు ప్రకటించారు.

సునీత నిరీక్షణకు మూలమూ ఇక్కడే ఉంది. 2024 జూన్‌ 5న ఆమెను తీసుకెళ్లిన స్టార్‌లైనర్‌ నౌకలో హీలియం లీకులు, థ్రస్టర్ల లోపాలు బయటపడ్డాయి. అందులోనే తిరిగి రావచ్చా, లేదా అన్న చర్చ వారాల తరబడి సాగింది. ఆగస్టు 24న నాసా వద్దని నిర్ణయించింది. ఆ ప్రకటన చేస్తూ సంస్థ అధిపతి బిల్‌ నెల్సన్‌ ఛాలెంజర్‌, కొలంబియా ప్రమాదాలను గుర్తుచేశారు. స్టార్‌లైనర్‌ సెప్టెంబరులో ఖాళీగా వచ్చి న్యూమెక్సికో ఎడారిలో చక్కగానే దిగింది. అలాగని ఆ నిర్ణయం తప్పు కాదు. లోపం ఎంతవరకు వెళ్తుందో లెక్క తేలనప్పుడు మనుషుల్ని అందులో ఎక్కించకూడదన్నదే కొలంబియా నేర్పిన పాఠం.

గొడుగులు విచ్చుకునే వేళ

నిశ్శబ్దం ముగిసి నౌక నుంచి మాట వినిపించడంతోనే కంట్రోలు రూములో ముఖాలు విప్పారతాయి. ఇంకా రెండు ఘట్టాలు మిగిలే ఉంటాయి. సుమారు ఐదున్నర కి.మీ. ఎత్తున తొలి జత పారాచూట్లు విచ్చుకుంటాయి. అప్పటికి గుళిక వేగం గంటకు 560 కి.మీ. ప్రాంతంలో ఉంటుంది. 1,800 మీటర్ల ఎత్తున, వేగం 190 కి.మీ.కు తగ్గాక నాలుగు ప్రధాన పారాచూట్లు తెరుచుకుంటాయి. గంటకు 25 కి.మీ. వేగంతో, అంటే కాలనీ రోడ్డుపై స్కూటరు పోయే వేగంతో గుళిక నీటిని తాకుతుంది.

ఇంటి నుంచి చూసేవారు ఇక్కడ నాలుగు గొడుగులూ పూర్తిగా విప్పారాయా, లేదా అన్నది లెక్కపెట్టుకోవచ్చు. మొదట అవి సగమే తెరుచుకొని, తర్వాత నిండుగా విచ్చుకుంటాయి. ఒక్కసారిగా కుదుపు పడకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. కాబట్టి తొలి క్షణాల్లో అవి ముడుచుకొని కనిపించినా కంగారు పడనక్కర్లేదు.

తెలుగు నేలకు కొత్త కాదు

అంతరిక్షం నుంచి వచ్చేవాటి కోసం ఎదురుచూడటం తెలుగువారికి కొత్తేమీ కాదు. 1979 జులైలో అమెరికా స్కైలాబ్‌ కూలుతుందన్న వార్త తెలంగాణ పల్లెల్లో కలకలం రేపింది. 77 టన్నుల ఆ కేంద్రం ఎక్కడ పడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవడంతో భయం వ్యాపించింది. ఎలాగూ పోయేదేనని కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని పెద్దలు ఇప్పటికీ చెప్పుకొంటారు. రేడియో వార్తలే ఆధారమైన రోజులవి. చివరకు జులై 11న మన కాలమానం ప్రకారం రాత్రి పది దాటాక అది వాతావరణంలోకి ప్రవేశించింది. శకలాలు పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పరెన్స్‌ పరిసరాల్లో పడ్డాయి. చెత్త వేసినందుకు అక్కడి స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా విధించింది. ఈ ఉదంతం ఆధారంగా 2021లో ‘స్కైలాబ్‌’ పేరుతో తెలుగు చలనచిత్రమూ వచ్చింది.

సరిగ్గా 42 ఏళ్ల తర్వాత, 2021 జులై 11 ఆదివారం రాత్రి, తెలుగు లోగిళ్లు మళ్లీ ఆకాశయాత్ర కోసం ఎదురుచూశాయి. ఈసారి భయంతో కాదు, సంతోషంతో. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల, వర్జిన్‌ గెలాక్టిక్‌ వారి యూనిటీ నౌకలో సుమారు 86 కి.మీ. ఎత్తుకు వెళ్లి న్యూమెక్సికోలో రన్‌వేపై దిగారు. అది కక్ష్యలోకి వెళ్లే నౌక కాదు. వేగం తక్కువ కాబట్టి డ్రాగన్‌ స్థాయి ఉష్ణకవచం దానికి అవసరం లేదు. తోక భాగాన్ని పైకి మడిచి, షటిల్‌ కాక్‌ మాదిరిగా గాలిలో నిలదొక్కుకుంటూ దిగడం దాని ప్రత్యేకత.

మనది అంటూ చెప్పుకోదగిన తొలి తిరుగు ప్రయాణం 2007లో జరిగింది. జనవరి 10న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సి7 ద్వారా వెళ్లిన 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 గుళిక, 12 రోజులు కక్ష్యలో తిరిగి, జనవరి 22 ఉదయం 9.46 గంటలకు బంగాళాఖాతంలో దిగింది. అది శ్రీహరికోటకు తూర్పున 140 కి.మీ. దూరంలో పడింది. తీర రక్షక దళం, నౌకాదళం సాయంతో దాన్ని వెలికితీశారు. ఆ తర్వాత 2014 డిసెంబరు 18న మానవరహిత గుళికను 126 కి.మీ. ఎత్తు నుంచి అండమాన్‌ సమీప సముద్రంలోకి దింపి ఇస్రో మరో పరీక్ష నెగ్గింది.

ఈ విజయాల వెనుక ఉన్న విద్యలో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. అగ్ని క్షిపణి వాతావరణంలోకి తిరిగి ప్రవేశించేటప్పుడు వేలాది డిగ్రీల వేడిని తట్టుకునే కార్బన్‌ మిశ్రమ కవచాలు నగరంలోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఏఎస్‌ఎల్‌లో రూపుదిద్దుకున్నవే. కంచన్‌బాగ్‌లోని మిధాని అంతరిక్ష రంగానికి ప్రత్యేక లోహాలను అందిస్తోంది. నగరానికి చెందిన స్కైరూట్‌ సంస్థ 2022 నవంబరు 18న విక్రమ్‌-ఎస్‌ రాకెట్‌ను 89.5 కి.మీ. ఎత్తుకు పంపి, దేశంలో ఆ పని చేసిన తొలి ప్రైవేటు సంస్థగా నిలిచింది.

మన ఆకాశంలో కనిపిస్తుందా?

డ్రాగన్‌ మండుతూ దిగే దృశ్యం హైదరాబాద్‌ నుంచి కనిపించదు. ఆ ఘట్టం అమెరికా తీరాలకు చేరువలో జరుగుతుంది. అయితే ఆ నౌక బయలుదేరే అంతరిక్ష కేంద్రాన్ని మాత్రం కొండాపూర్‌ అపార్టుమెంటు డాబాపై నుంచి కూడా చూడొచ్చు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అనుకూలమైన రోజుల్లో అది మిణుకుమనకుండా, ప్రకాశవంతమైన చుక్కలా పడమటి వైపు నుంచి తూర్పు వైపునకు సాగిపోతుంది. గరిష్ఠంగా ఆరు నిమిషాలు కనిపిస్తుంది. ఏ రోజు, ఏ దిక్కున, ఎన్ని గంటలకన్నది నాసా ఉచితంగానే తెలియజేస్తోంది. దీపాల వెలుగు ఎంతున్నా ఈ చుక్కను దాచలేదు. టెలిస్కోపు అవసరం లేదు.

ఆకాశంలో కనిపించే ప్రతిదీ వ్యోమనౌక కాదు. 2022 డిసెంబరు 7 ఉదయం హైదరాబాద్‌, పరిసర ప్రాంతాల్లో తెల్లని గుండ్రటి వస్తువు కనిపించి కుతూహలం రేపింది. అదే రోజు వికారాబాద్‌ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పెద్ద గుళిక ఒకటి దిగడంతో గ్రామస్థులు గుమిగూడారు. గ్రహాంతరవాసుల నౌక అని కొందరు ప్రచారం చేశారు. నిజానికి అది హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్‌ కేంద్రం నుంచి ఎగిరిన బెలూను. స్పెయిన్‌కు చెందిన హాలో స్పేస్‌ సంస్థ పర్యాటకుల కోసం రూపొందిస్తున్న గుళిక నమూనాను అది మోసుకెళ్లింది. అందులో మనుషులెవరూ లేరు. అంతరిక్షం అంచుకు సగం ఎత్తుకైనా వెళ్లని ఆ గుళికకు మంటల బెడద లేదు. పారాచూట్లతో నెమ్మదిగా దిగింది.

ఉల్కకూ, కూలే శకలానికీ తేడా పోల్చుకోవడం సులభం. ఉల్క ఒకటి రెండు సెకన్లలో మెరిసి మాయమవుతుంది. రాకెట్‌ శకలాలు నెమ్మదిగా, పలు ముక్కలుగా విడిపోతూ, వరుసగా నిమిషం వరకు కూడా సాగుతాయి. 2022 ఏప్రిల్‌ 2 రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో ఇలాంటి దృశ్యమే కనిపించింది. చైనా రాకెట్‌ భాగం కూలినట్లు నిపుణులు తేల్చారు. తెలంగాణ సరిహద్దునున్న చంద్రపుర్‌ జిల్లాలోని ఓ గ్రామంలో పెద్ద లోహపు వలయం పడింది. అలాంటివి దొరికితే తాకరాదు. విషపూరిత ఇంధనం మిగిలి ఉండొచ్చు, అంచులు పదునుగా ఉండొచ్చు. వెంటనే పోలీసులకు సమాచారమివ్వాలి. నేలపై నష్టం జరిగితే ప్రయోగించిన దేశమే పరిహారం చెల్లించాలని 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది.

ఇంటి నుంచి చూసేవారికి..

* సమయాన్ని సరిచూసుకోవాలి. అమెరికా తూర్పు తీరపు వేళకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు కలిపితే మన సమయం వస్తుంది. తేదీ మారుతుందన్న సంగతి మరవరాదు.

* నాసా, ఇస్రో, ప్రయోగ సంస్థల అధికారిక ప్రసారాలనే నమ్మాలి. పాత దృశ్యాలకు ‘లైవ్‌’ అని తగిలించి చూపేవారు ఉంటారు.

* వ్యవధి తక్కువగా ఉంటే ఇంజిన్లు మండించే సమయం నుంచి చూస్తే చాలు. అక్కడి నుంచి నీటిని తాకేవరకు గంటలోపే.

* నిశ్శబ్దంగా ఉండే ఆరేడు నిమిషాల్లో వదంతులను పంపరాదు. అధికారిక ప్రకటన వచ్చేవరకు ఆగాలి.

* పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఎత్తు, వేగం అంకెలను కాగితంపై రాయిస్తే అదే చక్కని భౌతికశాస్త్ర పాఠమవుతుంది.

ఇక మన వంతు

గగన్‌యాన్‌ యాత్రలో వ్యోమగాములను 400 కి.మీ. కక్ష్యకు పంపి, తిరిగి భారత సమీప సముద్ర జలాల్లో దింపాలన్నది ఇస్రో లక్ష్యం. 2023 అక్టోబరు 21న ప్రమాద సమయంలో గుళికను రాకెట్‌ నుంచి తప్పించే పరీక్ష శ్రీహరికోటలో విజయవంతమైంది. 2025 ఆగస్టు 24న చినూక్‌ హెలికాప్టర్‌ నుంచి నమూనా గుళికను జారవిడిచి పారాచూట్ల పనితీరును పరీక్షించారు. గగన్‌యాన్‌ గుళికలో మొత్తం పది పారాచూట్లు ఉంటాయి. మనుషులు లేని యాత్రలు పూర్తయ్యాకే వ్యోమగాములు ఎక్కుతారు.

ఆ రోజు వచ్చినప్పుడు వేళల లెక్కలు అక్కర్లేదు. గడియారం మనదే, సముద్రమూ మనదే. సంబంధాలు తెగే ఆ కొద్ది నిమిషాలు మాత్రం ఎవరికైనా ఒకటే. అప్పుడు ఏం జరుగుతోందో తెలిసినవారు పక్కవారికి ధైర్యం చెప్పగలుగుతారు.